బాల్ హోన్: గీతలు గీస్తుంది, సైజు తేదు

చూడడానికి సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. మధ్యలో మెలితిప్పిన ఉక్కు తీగ, దాని చుట్టూ నైలాన్ పోగులు, ఒక్కో పోగు కొసన బఠాణీ గింజ కంటే పెద్దదిగా సాన ముద్ద. డ్రిల్లుకు బిగించి, తిరుగుతుండగా బోరులోకి, అంటే ఇంజన్ సిలిండర్‌లో పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రంలోకి, దించి పైకీ కిందికీ ఆడిస్తే గోడ మీద అడ్డదిడ్డంగా వాలుగీతలు పడతాయి. అమెరికాలో బ్రష్ రీసెర్చ్ అనే కంపెనీ దీన్ని ఫ్లెక్స్ హోన్ పేరుతో అమ్ముతుంది. అదే ఆకారంలో పేరూ ఊరూ లేని రకాలు బజారులో బోలెడు. షెడ్డులో అడిగితే బాల్ హోన్ అంటేనే అర్థమవుతుంది. ఇక్కడ చూస్తున్నది 83 మి.మీ., 180 గ్రిట్ (సాన గరుకుదనం; అంకె పెరిగేకొద్దీ నున్నన), సిలికాన్ కార్బైడ్ రకం. 80 మి.మీ. బోరు ఉన్న ఇంజన్లకు, ఉదాహరణకు కిర్లోస్కర్ ఏవీ1 లాంటి ఐదు హార్స్‌పవర్ ఒంటి సిలిండర్ డీజిల్‌కు సరిపోయే సైజు. బోరు కంటే బ్రష్షు కాస్త పెద్దదే ఉండాలి. నొక్కుకుని లోపలికి దిగితేనే ముద్దలకు గోడ మీద పట్టు వస్తుంది.

పాత బోరు కొలతలు బాగుండి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మాత్రమే మారుస్తున్నప్పుడు ఇంత తక్కువ ఖర్చులో ఇంత బాగా పనిచేసే సాధనం మరొకటి లేదు. బోరు అరిగి గూడు కట్టినప్పుడు మాత్రం ఇది దండగ. దండగతో ఆగదు, మోసం కూడా చేస్తుంది. కొత్త గీతలు తళతళలాడుతూ కనిపించేసరికి బోరు బాగుపడిందనుకుని బిగించేస్తారు. నెల తిరక్కుండానే ఆయిల్ మండే నీలం పొగ మళ్లీ మొదలవుతుంది.

గీతలు ఎందుకు కావాలో ముందు చూద్దాం, మిగతా మంచిచెడ్డలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. ఏవీ1 స్ట్రోకు, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, 110 మి.మీ., నడిచేది 1500 ఆర్‌పీఎం. అంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 5.5 మీటర్లు. ఆ వేగంలో రింగుకూ గోడకూ మధ్య ఆయిల్ పొర దానంతటదే ఏర్పడుతుంది, లోహం లోహాన్ని తాకదు. కానీ పిస్టన్ నిమిషానికి 1500 సార్లు పైన ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆగిన ఆ క్షణంలో వేగం సున్నా, పొర ఉండదు. పైగా మంట మండేది, ఒత్తిడి మొత్తం రింగు వెనక చేరి గోడకేసి నొక్కేది అక్కడే. వేగం తగ్గేకొద్దీ ఆయిల్ పొర పలచబడి రాపిడి ఎలా పెరుగుతుందో జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో బేరింగుల మీద కొలిచి చూపించాడు. అదే లెక్క ఇక్కడా పనిచేస్తుంది. ఏ ఇంజన్ విప్పినా బోరు అరుగుదల పై రింగు తిరిగే చోటే ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. ఆ చోట రింగును కాపాడేది గీతల లోయల్లో దాగిన కాస్త ఆయిలే. గోడ అద్దంలా నున్నగా ఉంటే రాపిడి తగ్గుతుందనుకోవడం సహజం. కానీ ఆయిల్ నిలవడానికి అక్కడ చోటే ఉండదు, రింగు పొడిగా రాసుకుంటుంది.

అలాగని గరుకుగా ఉంటే చాలదు. కావలసింది పైన చదును, కింద లోయ. కొండల శిఖరాలు కోసేసి పీఠభూమి చేసినట్టుండాలి. రింగు చదును మీద జారాలి, లోయలో ఆయిల్ ఉండాలి. దీన్నే ప్లేటో హోనింగ్ అంటారు. కొలిచేటప్పుడు మూడు అంకెలు చూస్తారు: ఆర్‌పీకే అంటే పైకి పొడుచుకొచ్చిన ముళ్లు, ఆర్‌కే అంటే మధ్య భాగం, ఆర్‌వీకే అంటే లోయల లోతు. మొదటిది తక్కువగా, మూడోది తగినంతగా ఉండాలి. చాలామంది ఆర్‌ఏ ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. ఆర్‌ఏ గరుకుదనం సగటు మాత్రమే. ముళ్లతో నిండిన గోడకూ, చదునుతో లోయలున్న గోడకూ ఒకే ఆర్‌ఏ రావచ్చు. మొదటిది రింగును ఆకురాయిలా గీకేస్తుంది, రెండోది ఏళ్ల తరబడి మోస్తుంది. హోనింగ్ పని బయటికిచ్చి చేయించేవాళ్లు ఆర్‌ఏ కాగితం చూపిస్తే తృప్తిపడకుండా మిగతా రెండూ అడగాలి.

బాల్ హోన్ గొప్పతనం ఇక్కడే. ముద్దలు నైలాన్ పోగుల మీద వేలాడుతుంటాయి కాబట్టి గోడను బలంగా తవ్వలేవు, ముళ్లను రాల్చి గీతలు మాత్రం వదులుతాయి. బోరు గోడ తయారయ్యే బూడిదరంగు పోత ఇనుములో గ్రాఫైట్ రేకులు ఉంటాయి, అవి కూడా ఆయిల్‌ను పట్టుకుంటాయి. మొద్దుబారిన రాయితో గట్టిగా నొక్కి హోన్ చేస్తే ఇనుము పాకినట్టయి ఆ రేకుల నోళ్లు మూసుకుపోతాయి. మెత్తని ఒత్తిడితో నడిచే ఈ బ్రష్షు ఆ నోళ్లను తెరిచే ఉంచుతుంది. మూడు కాళ్ల స్ప్రింగు హోన్ దీనికంటే చవకే, కానీ రాయి బోరు అంచు దాటి బయటికొస్తే విరుగుతుంది, పోర్టులు, అంటే వాయువులు వచ్చిపోయే గోడ రంధ్రాలు, ఉన్న చోట తగులుకుని టకటకలాడుతుంది. ఆర్ఎక్స్100 లాంటి టూస్ట్రోక్ బోరులో ఈ తేడా బాగా తెలుస్తుంది. బాల్ హోన్ పోర్టుల మీదుగా సాఫీగా దాటిపోవడమే కాదు, పోర్టు అంచుల పదును కూడా కొద్దిగా విరుస్తుంది. రింగు కొస పోర్టులో ఇరుక్కుని విరగకుండా ఉండాలంటే ఆ కొద్దిపాటి విరుపు అవసరమే.

ఇక లోపం. ఈ బ్రష్షుకు సొంత ఆకారమంటూ లేదు, బోరు ఎలా ఉంటే అలా ఒదిగిపోతుంది. బోరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే కోడిగుడ్డు ఆకారంలోనే గీస్తుంది. పైన వెడల్పు, కింద ఇరుకు ఉంటే అలాగే వదిలేస్తుంది. తీసే లోహం మైక్రాన్లలోనే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కాబట్టి బ్రష్షు పట్టుకునే ముందు బోరు వ్యాసం కొలిచే బోరు గేజి పట్టుకోవాలి. పై రింగు తిరిగే చోట, మధ్యలో, అడుగున, మూడు ఎత్తుల్లో కొలవాలి. ప్రతి ఎత్తులోనూ క్రాంకు షాఫ్టు దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. మొత్తం ఆరు అంకెలు. వాటి మధ్య తేడా ఇంజన్ మాన్యువల్లో ఇచ్చిన హద్దు దాటితే బాల్ హోన్ మాట మరిచిపోయి ఓవర్ సైజుకు (కాస్త పెద్ద వ్యాసానికి) బోరు కొట్టించాలి, లేదా లైనరు, అంటే బోరు గోడగా ఉండే విడి గొట్టం, మార్చాలి. గేజి లేకపోతే కనీసం గోరుతో చూడండి. రింగు ఆగే చోటికి పైన మెట్టులా గోరుకు తగిలితే ఆ బోరుకు గీతలు పెట్టి లాభం లేదు. కొత్త పై రింగు ఆ మెట్టుకు కొట్టుకుని విరిగే ప్రమాదం కూడా ఉంది.

అసలు చిక్కు డ్రిల్లు స్పీడులో ఉంది, ఎక్కువమంది పాడుచేసేదీ అక్కడే. గీతలు ఒకదాన్నొకటి కోసే కోణం 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. కోణం మరీ తక్కువైతే గీతలు దాదాపు అడ్డంగా పడతాయి, రింగు వాటి మీద ఆయిల్‌తో తేలిపోతుంది, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే ఆయిల్ గీతల వెంట కిందికి జారిపోయి పైభాగం ఎండుతుంది. ఈ కోణాన్ని నిర్ణయించేవి రెండే: బ్రష్షు తిరిగే వేగం, చెయ్యి పైకీ కిందికీ ఆడే వేగం. లెక్క వేసి చూడండి. 80 మి.మీ. బోరు చుట్టుకొలత సుమారు 251 మి.మీ. డ్రిల్లు 200 ఆర్‌పీఎం తిరిగితే ముద్దలు గోడ మీద సెకనుకు 0.84 మీటర్లు పాకుతాయి. 45 డిగ్రీలు రావాలంటే, అంటే అడ్డగీటు నుంచి ఒక్కో గీత 22.5 డిగ్రీలు వాలాలంటే, చెయ్యి అందులో 0.41 వంతు వేగంతో ఆడాలి, అంటే సెకనుకు 0.35 మీటర్లు. 200 మి.మీ. పొడవు లైనరులో ఒకసారి కిందికి వెళ్లి పైకి రావడానికి సుమారు 1.15 సెకన్లు. ఇది చేతికి హాయిగా సాధ్యమే. అదే చేతి వేగంతో డ్రిల్లును 1200లో పెడితే వచ్చే కోణం 8 డిగ్రీలు. కంటికి గీతలు కనిపిస్తూనే ఉంటాయి, కానీ అవి పళ్లెం అంచు చుట్టూ గీసినట్టు అడ్డగీతలే. గోడలు కొట్టే హేమర్ డ్రిల్లు ఫుల్ స్పీడులో పెట్టి హోన్ చేసిన బోర్లన్నీ ఇలాగే ఉంటాయి. ట్రిగ్గరుతో స్పీడు తగ్గించుకునే డ్రిల్లు, అదీ తక్కువ గేరులో, వాడితేనే ఈ పని కుదురుతుంది.

స్ప్లెండర్ లాంటి 50 మి.మీ. బోరుకు ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి, బ్రష్షు కూడా ఆ సైజుదే కావాలి. చుట్టుకొలత 157 మి.మీ. 200 ఆర్‌పీఎంలో చేతి వేగం సెకనుకు 0.22 మీటర్లు చాలు. కానీ బోరు పొట్టి కాబట్టి చెయ్యి చకచకా ఆడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో గందరగోళం కోణాన్ని చెప్పే తీరులో ఉంది. కొందరు రెండు గీతల మధ్య కోణం చెబుతారు, కొందరు అడ్డంగా ఉన్న గీటు నుంచి ఒక గీత వరకే చెబుతారు. మొదటి లెక్కలో 45 అన్నది రెండో లెక్కలో 22.5. ఏది చెబుతున్నారో తెలుసుకోకుండా మాన్యువల్లో అంకె చూసి కోణం పెట్టడం కొంప ముంచుతుంది. వచ్చిన కోణం కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఆరిన గోడ మీద పెన్సిల్ లెడ్డు పొడి వేలితో రుద్ది, పైన మిగిలింది మెత్తని గుడ్డతో తుడిచేస్తే పొడి లోయల్లో నిలుస్తుంది. దాని మీద పారదర్శకమైన సెల్లోటేపు గాలి బుడగలు లేకుండా అద్ది, ఎత్తి, తెల్ల కాగితానికి అంటించండి. వంపు పోయి గీతలు చదునుగా కాగితం మీదికి వస్తాయి. పిల్లల జామెట్రీ బాక్సులో కోణమానిని పెట్టి చూసుకోవచ్చు. ఒక దిశ గీతలు నల్లగా, రెండో దిశవి పలచగా ఉంటే కిందికీ పైకీ ఒకే వేగంతో లాగలేదన్నమాట.

పని చేసే వరుస ఇదీ. సిలిండర్ ఇంజన్ మీదే ఉంటే కింద క్రాంకు షాఫ్టు తిరిగే పెట్టె, అంటే క్రాంకు కేసు, నోరు గుడ్డలతో నిండా మూయాలి. వీలైతే లైనరు బయటికి తీసే చేయడం మేలు. సానపొడి ఒక్క చిటికెడు బేరింగులోకి పోయినా అది చేసే నష్టం ముందు రింగుల ఖర్చు లెక్కలోకే రాదు. బ్రష్షుకూ గోడకూ హోనింగ్ ఆయిల్ బాగా పట్టించాలి. కిరోసిన్, పెట్రోలు లాంటి పలచని ద్రావకాలు ఈ పనికి వద్దు, పొడిని గోడ నుంచి తేల్చి పట్టుకునే చిక్కదనం వాటికి ఉండదు. బ్రష్షు బోరు బయట ఉండగానే డ్రిల్లు తిప్పడం మొదలుపెట్టి, తిరుగుతుండగానే దించాలి. పై అంచు, కింది అంచు దాటి ముద్ద సగం వరకే బయటికి రావాలి. అడుగున వేరే భాగానికి తగలకూడదు. 20 నుంచి 30 సెకన్లు చాలు. ఆగి, తుడిచి, చూసి, అవసరమైతే ఇంకో పది సెకన్లు. ముగిసేటప్పుడు కూడా తిరుగుతుండగానే బయటికి తీయాలి. లోపల ఆపి లాగితే ముద్దలన్నీ నిలువు గీతలు గీసుకుంటూ వస్తాయి, ఆ గీతలు పేలుడు వాయువు కిందికి దిగడానికి కాలవల్లా పనిచేస్తాయి. ఇంతసేపు కష్టపడింది ఆఖరి ఒక్క క్షణంలో పోతుంది.

గ్రిట్ ఎంపికకు రింగును చూడాలి. మామూలు ఇనుప రింగులకు, క్రోమ్ రింగులకు 180 సరైనది. మాలిబ్డినం పూత రింగులకు 240 వాడాలి, మరీ గరుకు గోడ ఆ పూతను తినేస్తుంది. నిజమైన ప్లేటో కావాలంటే 180 తర్వాత 320 లేదా 400 గ్రిట్ బ్రష్షుతో కొద్ది స్ట్రోకులు వేయాలి. రెండో బ్రష్షు శిఖరాలను మాత్రమే రాలుస్తుంది, మొదటి దాని లోయలు అలాగే ఉంటాయి. రెండో బ్రష్షు ఎక్కువసేపు ఆడిస్తే లోయలు కూడా పోతాయి, మళ్లీ మొదటికే రావాలి.

కడగడం మీద ఎంత చెప్పినా తక్కువే. హోన్ చేశాక కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టి బిగించేయడం మన షెడ్లలో అలవాటు. కిరోసిన్ ఆయిల్‌ను కరిగించి కొట్టుకుపోతుంది, సానపొడి మాత్రం లోయల అడుగున కూర్చునే ఉంటుంది. ఆ పొడే తర్వాత రింగులను సానపడుతుంది. వేడినీళ్లు, బట్టల సర్ఫు, గట్టి నైలాన్ బ్రష్షు, ఈ మూడే కావాలి. ఐదు నిమిషాలు గీతల వెంట రుద్ది, నీళ్లు పోసి, తెల్ల నూలు గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిదరంగు కనిపిస్తే మళ్లీ. తెల్లగానే తిరిగొచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. నాలుగైదు సార్లు కడగాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆరగానే, ఫోన్ ఎత్తకుండా, టీ తాగకుండా, ఇంజన్ ఆయిల్ రాసేయాలి. సర్ఫు నీళ్లతో నూనె పోయిన పోత ఇనుము నిమిషాల్లో ఎర్రబడుతుంది.

ఎక్కడ వాడకూడదో కూడా తెలిసుండాలి. కంపెనీ నుంచి ఫినిష్ హోన్ చేసి వచ్చిన కొత్త లైనరును ముట్టుకోకండి. ఫ్యాక్టరీలో కొలత పెట్టి చేసిన ప్లేటో దాని మీద ఉంటుంది, దాని మీద 180తో రుద్దడమంటే ఇస్త్రీ చేసిన చొక్కాను నలిపి వేసుకోవడమే. చివరి సైజుకు తేకుండా వచ్చే సెమీ ఫినిష్ లైనరైతే సంగతి వేరు. దాన్ని బిగించాక బోరు కొట్టి, మెషిన్ హోన్‌తో సైజు తెచ్చి, చివరి గీతలకు మాత్రమే ఈ బ్రష్షు వాడవచ్చు. కేటీఎం డ్యూక్ లాంటి బండ్లలో బోరు నికాసిల్ పూత, అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన సన్నని పొర. దాని మీద గీతలు ఫ్యాక్టరీ డైమండ్‌తో పెడుతుంది. యమహా ఆర్15లో లైనరే లేదు, 20 శాతం సిలికాన్ ఉన్న డయాసిల్ అల్యూమినియం బోరు. అక్కడ రింగును మోసేది గట్టి సిలికాన్ గింజలు, ఆయిల్ నిలిచేది వాటి మధ్య అల్యూమినియంలో. మామూలు హోన్ పెడితే మెత్తని అల్యూమినియం గింజల మీదికి పాకి ఆ ఏర్పాటంతా చెడుతుంది. ఈ రెండు రకాల మీదా బాల్ హోన్ వాడమని ఎవరైనా ధైర్యం చెబితే ఆ షెడ్డు మార్చడం మంచిది.

ఈ మధ్య రింగు మీదో బోరు గోడ మీదో లేజర్‌తో గుంటలు పెట్టే పద్ధతి గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఇది ఉత్త ప్రచారం కాదు. ఇజ్రాయెల్‌లో టెక్నియాన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఇజాక్ ఎట్సియాన్ దీని మీద చాలాకాలం పనిచేశాడు. సుమారు 100 మైక్రాన్ల వెడల్పు, 10 మైక్రాన్ల లోతు ఉండే చిన్న చిన్న గుంటలు ఆయిల్ దాచుకోవడమే కాకుండా, రింగు మీదుగా జారేటప్పుడు ఒక్కోటీ చిన్న బేరింగులా ఒత్తిడి పుట్టించి రింగును ఎత్తుతాయి. ఆయన బృందం డీజిల్ ఇంజన్లో ఇలాంటి గుంటలున్న రింగులు పెట్టి చూసి, ఇంధనం 4 శాతం వరకు తగ్గిందని 2009లో ప్రకటించింది. జర్మన్ కంపెనీ గేరింగ్ బోరు గోడకే లేజర్ గుంటలు పెట్టే యంత్రాలు చేసింది. కానీ గుంట లోతు, సాంద్రత, పెట్టే చోటు, మూడూ లెక్క ప్రకారం ఉండాలి. తప్పితే రాపిడి తగ్గకపోగా ఆయిల్ తాగడం మొదలవుతుంది. గుంట చుట్టూ లేజర్ కరిగించి లేపిన అంచును మళ్లీ చదును చేయకపోతే అదే రింగును కోస్తుంది. ఇది ఫ్యాక్టరీ పని. పొలం ఇంజన్‌కో, పాత బండికో లేజర్ గుంటలు పెడతామనేవాళ్లను లోతు కొలిచిన రిపోర్టు అడగండి, బేరం అక్కడే తేలిపోతుంది.

మళ్లీ మన బ్రష్షు దగ్గరికొస్తే, పేరున్నదానికీ నకలుకూ తేడా ముద్దల్లో తెలుస్తుంది. మంచిదాంట్లో ముద్దలు ఒకే సైజులో, పోగు కొసన గట్టిగా పట్టుకుని ఉంటాయి. చవక రకంలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వేలితో గట్టిగా నులిమితే పొడి రాలుతుంది. అలాంటిది బోరులో సగం పనిలో ఉండగానే ముద్దలు రాల్చేస్తుంది. కొనేముందు నాలుగు ముద్దలు నులిమి చూడండి, తీగ కడ్డీ నిటారుగా ఉందో లేదో అరచేతిలో దొర్లించి చూడండి. వంకర ఉంటే డ్రిల్లులో ఊగుతుంది, గీతలు ఒక పక్క లోతుగా పడతాయి.

హోన్ చేసిన బోరుతో మొదలుపెట్టిన ఇంజన్‌ను ఖాళీగా గంటలు గంటలు తిప్పకండి. రింగు గోడకు కూర్చోవడానికి వెనకనుంచి పేలుడు ఒత్తిడి కావాలి, లోడు లేకపోతే అది రాదు. ముళ్లు విరగాల్సిన చోట జిగురు పొర పేరుకుని గోడ మెరుగెక్కుతుంది. కాసేపు వేడెక్కించి, సగం లోడు నుంచి ముప్పాతిక లోడు మధ్య మారుస్తూ నడపాలి. మొదటి ఆయిల్ మామూలు గడువుకు చాలా ముందే మార్చేయాలి. విరిగిన ముళ్లన్నీ అందులోనే ఉంటాయి, మునివేళ్ల మధ్య రుద్దితే సన్నని ఇనుప పొడి గరగరలాడుతుంది.

బ్రష్షును పని కాగానే ఆయిల్‌లోనే ముంచి కడిగి, అది వచ్చిన అట్టగొట్టంలోనే పెట్టండి. స్పానర్ల డబ్బాలో అడుగున పడేస్తే పోగులు ఒక పక్కకు వంగిపోతాయి, ఆ తర్వాత ఎంత స్పీడు సరిచేసినా అది ఒక వైపే గీస్తుంది.